నాలుగో పేపరు వెంట ఎనిమిది రోజులు

తెలంగాణ సర్కారు కొలువుల పోటీ పరీక్ష గ్రూప్-2లో నాలుగో పేపరు తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. సిలబస్‌ని మూడు కాలాలుగా విడగొట్టారు: 1948–70, 1971–90, 1991–2014. ఈ పేపర్లో పాట ఉంది, పాడినవాళ్లు ఉన్నారు, ఒగ్గు కథ ఉంది, డప్పు ఉంది. అయితే అన్నీ బిట్లుగానే. ఎవరు రాశారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, జతపరచుము. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు పాటల పల్లవులను గొంతెత్తకుండా బట్టీ పడుతున్నారు. రాష్ట్రం వచ్చేనాటికి వాళ్లు బడిలో ఉన్నారు.

ఆ బిట్లు చదివే గదుల దగ్గర బయల్దేరి, అవి పుట్టిన ఊళ్ల దాకా వెళ్లి రావడం ఈ ప్రయాణం. సంక్రాంతి దాటిన వారం, ఆదివారం నుంచి ఆదివారం దాకా. ఒక మనిషికి బస, తిండి, బస్సులు కలిపి ఐదు వేల లోపే అయింది. పుస్తకాల ఖర్చు వేరు.

ఆదివారం: అబిడ్స్, కోఠి

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. పదిన్నరకల్లా చేరితే మంచిది. మధ్యాహ్నానికి పోటీ పరీక్షల గుట్టల్లో పైవరస అయిపోయి, అడుగున ఉన్నవే మిగులుతాయి. అట్ట మీద ధరలో సగం దగ్గర బేరం మొదలవుతుంది. పెన్సిల్ గీతలున్న పుస్తకం ఇంకా తగ్గుతుంది, కానీ మంచి పిల్లవాడి చేతిలో నలిగినదైతే ఆ గీతలే అసలు విలువ.

పాత ఎడిషన్ చేతికి అంటగట్టడం ఇక్కడ మామూలే. కొత్త అట్ట వేసి లోపల పాత సరుకు పెడతారు. దాన్ని పట్టుకోవడానికి కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లోని పిల్లలు వాడే గుర్తులు మూడు. మొదటిది జిల్లాల సంఖ్య. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు 10, 2016 అక్టోబర్‌లో 31, 2019 ఫిబ్రవరిలో 33. 31 అని ఉంటే ఆ పుస్తకం 2019కు ముందుదన్నమాట. రెండోది జోన్లు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. రెండే జోన్లు అని ఉంటే అక్కడే మూసెయ్యాలి. మూడోది కమిషన్ పేరు. టీఎస్‌పీఎస్సీ అని ఉంటే 2024కు ముందు అచ్చయిందని. చరిత్రకు పాత ఎడిషన్ పనికొస్తుంది, పాలనకూ ఎకానమీకీ పనికిరాదు. అమ్మే పెద్దాయనను అడిగితే ఆయనే చెప్పాడు: "తమ్మీ, హిస్టరీ పాతది తీస్కో, పాలిటీ మాత్రం కొత్తది కొను."

అక్కడి నుంచి కోఠికి నడిచే దూరమే. కొత్త పుస్తకాలకు డిస్కౌంట్ ఇక్కడ ఎక్కువ. కోఠి ఉమెన్స్ కాలేజీ గేటు మీద ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు ఉంది. ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీ, తర్వాత ఆడపిల్లల కాలేజీ, ఆ పైన మహిళా విశ్వవిద్యాలయం. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరను ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ పేరు 2024లో పెట్టారు. బట్టలుతికి బతికిన మనిషి పేరు రెసిడెన్సీ ప్రహరీ మీద చదువుకున్నాక, ఐదు రోజుల తర్వాత పాలకుర్తిలో దిగాలని ముందే అనుకున్న దానికి ఇంకాస్త బలం వచ్చింది.

సోమవారం, మంగళవారం: అశోక్‌నగర్, చిక్కడపల్లి

మెట్రో గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగినా, చిక్కడపల్లిలో దిగినా అశోక్‌నగర్‌కు నడిచే పోవచ్చు. గల్లీ ఎక్కడ మొదలైందో బోర్డులే చెబుతాయి. ఒక మేడ మీద కింద జిరాక్స్, మొదటి అంతస్తు కోచింగ్, రెండో అంతస్తు స్టడీ హాల్, మూడు నాలుగు అంతస్తులు హాస్టల్. కరెంటు స్తంభానికి నాలుగు వరుసల కరపత్రాలు.

ఖర్చుల లెక్క ఇక్కడ అందరికీ నోటికి వచ్చు. ముగ్గురు నలుగురు ఉండే గదిలో, భోజనంతో కలిపి నెలకు ఐదున్నర వేల నుంచి ఏడు వేలు. స్టడీ హాల్ వెయ్యి నుంచి పదిహేను వందలు, ఏసీ ఉంటే ఇంకొంచెం. టీలు, జిరాక్సులు, టెస్ట్ సిరీస్ కలుపుకుంటే నెలకు పది వేలు దాటుతుంది. హాస్టల్ వెతికేటప్పుడు అన్నం రుచి కంటే ముందు చూడాల్సింది నీళ్లు. ఎండాకాలంలో ట్యాంకర్ ఎన్ని రోజులకొకసారి వస్తుందో పక్క గదివాళ్లను అడగాలి, ఓనర్‌ను కాదు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వడానికి నెల ముందు చెప్పాలన్న షరతు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. పరీక్ష వాయిదా పడ్డ రోజు ఖాళీ చేసి ఊరికి పోయేవాళ్లు ఆ డబ్బు అక్కడే వదిలేసుకుంటారు.

స్టడీ హాల్ అంటే ప్లైవుడ్ అడ్డుపలకలతో చేసిన గూళ్లు. ఒక్కో గూటికి ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ప్లగ్గు, ఒక నంబరు. చెప్పులు బయట. ఫోను మూగబోవాలి. గోడకు దగ్గరగా ఉన్న సీటు మంచిది, తలుపు దగ్గరిది, నీళ్ల డబ్బా దగ్గరిది వద్దు. గూటి లోపలి గోడ మీద ముందు కూర్చున్నవాళ్లు అంటించిన కాగితాలు ఉంటాయి: రాజ్యాంగ సవరణలు, నదుల ఉపనదులు, ఒక మూల చిన్న అక్షరాలతో "అమ్మ ఎదురుచూస్తుంది."

డబ్బులు లేనివాళ్లకు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవచ్చు. గేటు తెరిచేలోపే బ్యాగులు వరుస కడతాయి. లోపల కుర్చీ దొరకకపోతే చెట్ల కింద, మెట్ల మీద, గోడ నీడన కూర్చుంటారు. బ్యాగు పెట్టి టీకి పోతే సీటు ఎంతసేపు ఆగుతుందన్నది రాయని చట్టం. పదిహేను నిమిషాలు దాటితే పక్కవాడు "అన్నా, ఎవరిదిది?" అని ఒకసారి అడిగి జరిపేస్తాడు. దానికి ఎవరూ తగాదా పడరు.

సంక్రాంతి దాటిన వారం కాబట్టి ప్రతి గదిలో ఒక డబ్బా సకినాలు. కరీంనగర్ డబ్బా, వరంగల్ డబ్బా, నల్లగొండ డబ్బా పక్కపక్కన పెట్టి మూడు రుచులూ చూశాం. బియ్యం నానబెట్టి, తడి మీదే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తూ మూడు నాలుగు చుట్లు బట్ట మీద తిప్పుతారు. ఆరాకే నూనెలో వేయాలి. పిండి పలచనైతే చుట్టు తెగుతుంది. తడి ఆరకముందే వేస్తే నూనె చిట్లుతుంది, సకినం మెత్తబడుతుంది. కరీంనగర్ డబ్బాలో వాము ఘాటు, నల్లగొండ దాంట్లో నువ్వులు మెండు. ఫిబ్రవరి మొదటి వారానికి అన్నీ ఖాళీ.

రాత్రి తొమ్మిది తర్వాత క్రాస్ రోడ్స్ వైపు టీకి జనం కదులుతారు. ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరు, పాలు వేరు. మూతబిగించిన గిన్నెలో ఆకు సన్నసెగ మీద గంటకు పైగా ఊరుతుంది, పక్క పొయ్యి మీద పాలు చిక్కబడుతుంటాయి. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. చక్కెర ముందే కలిసి ఉంటుంది, తక్కువ కావాలన్నవాళ్లకు దారి లేదు. ఉస్మానియా బిస్కెట్ రెండు సెకన్లు ముంచితే చాలు, మూడోది దాటితే విరిగి కప్పులో పడుతుంది.

ఆ కప్పు చుట్టూ రాజకీయం నడుస్తుంది. ఇక్కడి పిల్లలు పార్టీల కంటే జీవో నంబర్లు ఎక్కువ పలుకుతారు. గ్రూప్-1 కథ ఎవరిని అడిగినా తేదీలతో చెబుతారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్, రాష్ట్రం వచ్చాక మొదటిది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ లీకేజీతో రద్దు. జూన్‌లో మళ్లీ పరీక్ష, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్. ఆ వారమే, మెయిన్స్‌కు రిజర్వేషన్ అభ్యర్థులను ఎంచే పద్ధతిని మార్చిన జీవో 29 మీద ఈ గల్లీల్లో ఆందోళనలు. ఇరవై నాలుగేళ్లకు మొదటి దరఖాస్తు పెట్టినవాడికి మెయిన్స్ ఫలితం చూసేనాటికి ఇరవై ఏడు నిండాయి. గ్రూప్-2 కూడా అంతే. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులు ప్రకటిస్తే, రాత పరీక్ష 2024 డిసెంబర్ 15, 16న. ఈ మూడేళ్లలో రెండు పార్టీల ప్రభుత్వాలున్నాయి. అందుకే ఇక్కడ తిట్టు కూడా ఎవరికీ ఒక్కరికే దక్కదు.

2023 నవంబర్‌లో ఎన్నికల ముందు రాహుల్ గాంధీ వచ్చి ఇక్కడి పిల్లలతో కూర్చున్నారు. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. ఆ క్యాలెండర్ జిరాక్స్ కాపీ చాలా గూళ్లలో అంటించి ఉంది. పక్కన పెన్నుతో వేసిన టిక్కులు, ప్రశ్నార్థకాలు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఉద్యమ నినాదంలోని మూడు మాటల్లో మూడోదాని మీద ఇంత కచ్చితంగా లెక్క ఉంచుకున్న చోటు రాష్ట్రంలో ఇంకోటి లేదు.

ఇక పాట. గూళ్లలో చెవుల్లో ఏం మోగుతుందో అడిగితే, చదివేటప్పుడు మాటలున్న పాట ఎవరూ పెట్టుకోరు. వాన చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, వీణ, వేణువు. తెలుగు చదువుతూ తెలుగు పాట వింటే కన్ను వరుస తప్పుతుందని వాళ్ల అనుభవం, అది నిజమే. మాటలు మాటలతో పోటీ పడతాయి. లెక్కలు చేసేటప్పుడు మాత్రం యూట్యూబ్ జానపదం నడుస్తుంది. ఇంటికి ఫోన్ చేసి వచ్చాక, అన్నం తినేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు కూడా అదే. 2023 ఎన్నికల్లో అన్ని పార్టీల ప్రచార బండ్లూ ఆ జానపద బాణీల మీదే తిరిగాయి. ఉద్యమం నేర్పిన మోత అది. బండి మీదికి ఎక్కాక ఎవరి జెండాకైనా పాడుతుంది.

బుధవారం: ఉస్మానియా

ఎంఎంటీఎస్‌లో ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది. టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. జామై ఉస్మానియా అనేది పక్క స్టేషన్, పేరు చూసి అక్కడ దిగితే కాలేజీకి నడక పెరుగుతుంది. ఆ పొరపాటు చాలామంది చేస్తారు, ఆ రోజూ జరిగింది. దారిలో ఒక పెద్దాయన ఆపి, "ఆర్ట్స్ కాలేజా? చెట్ల మధ్యల కెళ్లి పో బిడ్డా, రోడ్డు వట్టుకుంటే సుట్టు" అని చెయ్యి చూపించాడు.

1918లో పుట్టిన విశ్వవిద్యాలయం. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరుచుకుంది. ఆ భవనం తెరవడానికి ఒక ఏడాది ముందే ఇక్కడ పాట మీద పోరాటం జరిగింది. 1938 చివర్లో హాస్టళ్ల ప్రార్థనా గదుల్లో వందేమాతరం పాడొద్దన్నారు. విద్యార్థులు మానలేదు. వందల మందిని బయటికి పంపారు, నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. అలా నాగపూర్ వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. బిట్‌గా చదివితే ఇది ఒక సంవత్సరం, ఒక ఊరు పేరు. హాస్టల్ వరండాలో నిలబడి ఆలోచిస్తే ఇది పెట్టె సర్దుకుని రైలెక్కిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడి కథ. ఫీజు కట్టిన ఏడాది పోయింది, ఇంటికి ఏం చెప్పాలో తెలియదు. అశోక్‌నగర్ గూటిలో ఉన్నవాడికి ఈ సంగతి వేరే వివరణ అక్కర్లేకుండా అర్థమవుతుంది.

తెలంగాణ ఉద్యమం 1969లో ఇక్కడే, 2009లో మళ్లీ ఇక్కడే. 2009 నవంబర్ 29న కేసీఆర్ దీక్ష మొదలైన దగ్గర్నుంచి డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన దాకా పదకొండు రోజులు ఈ ఆర్ట్స్ కాలేజీ ముందు స్థలం పాటతో నిండింది. ఉద్యమపు ఆటపాటల సభ ధూం ధాం అప్పటికే ఏడేళ్లుగా ఊళ్లు తిరుగుతోంది, మొదటిది 2002లో కామారెడ్డిలో. దాని పనితనం పుస్తకంలో లేదు. ఒకడు ముందు గొంతు, నలుగురైదుగురు వంత. ముందు గొంతు కొత్త మాట వేస్తుంది, వంత పాత మాటకే తిరిగి వస్తుంది. దానివల్ల పాట మొదటిసారి విన్నవాడు కూడా రెండో చరణానికి గొంతు కలుపుతాడు. దెబ్బ నడకకు సరిపోయే వేగంలో ఉంటుంది, అందుకే ఊరేగింపు చెదరదు. మధ్యలో పాట ఆపి ఒక నిమిషం మాట, ఆ మాట చివర మళ్లీ దరువు. మాట చల్లబడకముందే పాట అందుకోవాలి, ఆలస్యమైతే జనం లేచిపోతారు. ఈ ఒక్క పేరా ఏ గైడులోనైనా అచ్చువేస్తే పిల్లలకు పది బిట్ల కంటే ఎక్కువ గుర్తుంటుంది.

క్యాంటీన్‌లో భోజనం అరవై రూపాయల లోపు. పప్పు బాగుంది.

గురువారం: ఇందిరా పార్కు, బాగ్‌లింగంపల్లి

ధర్నా చౌక్ అశోక్‌నగర్ నుంచి నడిచే దూరం. 2017లో ఇక్కడ ధర్నాలు వద్దన్నారు, 2018 నవంబర్‌లో హైకోర్టు మళ్లీ దారి తెరిచింది. పోలీసు అనుమతి కాగితం ముందే ఉండాలి. అందులో మనుషుల సంఖ్య, మైకు, వేళలు రాసి ఉంటాయి. టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు, మైకు సెట్టువాళ్లు, ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు చుట్టుపక్కలే దొరుకుతారు. మైకుకు జనరేటర్ విడిగా మాట్లాడుకోకపోతే మధ్యాహ్నానికి గొంతే దిక్కు.

ఆ రోజు రెండు టెంట్లున్నాయి. ఒకదానిలో డప్పుంది. ధర్నా పాట ఎలా కడతారో అక్కడ చూడొచ్చు. అందరికీ తెలిసిన బాణీ ఒకటి తీసుకుంటారు. పల్లవి ముట్టుకోరు, లేదా ఒక్క మాట మారుస్తారు. చరణంలో జీవో నంబరు, జీతం అంకె, నెలల లెక్క కూరుస్తారు. కష్టమంతా అంకె దగ్గరే. 'ఇరవై తొమ్మిది' ఆరు అక్షరాల్లో సాగుతుంది, 'యాబై ఐదు' నాలుగు. అంకె చివరి అక్షరం దెబ్బ మీద పడేలా ముందు మాటను కుదిస్తారు, లేదంటే నంబరు జనం నోట పలకదు. పది నిమిషాల్లో ఒక చరణం. రాసిన అక్క ప్రైవేటు బడిలో టీచరు. "ఎగిరే బాణీ వద్దన్నా, కూసొని పాడేటోళ్లకు దమ్ము సరిపోవాలె" అంది. సాయంత్రం నాలుగు దాకా కూర్చుని పాడాలంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన మాటే.

ఉద్యమంలో పాడిన గొంతుల్లో చాలా ఇప్పుడు సర్కారు కొలువులో ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి కింద 550 మంది కళాకారులను ఉద్యోగులుగా తీసుకున్నారు. పస్తులుండి పాడినవాళ్లకు నెల జీతం రావడం న్యాయం, దాన్ని తప్పుపట్టేవాళ్లతో ఏకీభవించలేం. కానీ పథకాల ప్రచారానికి పాడే గొంతు ఈ టెంటు కిందికి రాలేదు. ఆ ఖాళీని ఇలాంటి టీచరమ్మలు నింపుతున్నారు. రాష్ట్ర గీతం సంగతీ ఇక్కడి మాటల్లోకి వచ్చింది. అందెశ్రీ రాసిన పాట ఉద్యమ సభల్లో ఏళ్ల తరబడి పాడిందే. 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది, కీరవాణి సంగీతంతో. రెండున్నర నిమిషాల కూర్పు ఒకటి, పదమూడున్నర నిమిషాలది ఒకటి. ఆంధ్రా సంగీత దర్శకుడు ఎందుకన్న వాదన అప్పట్లో గట్టిగా నడిచింది. అసలు అడగాల్సింది ఇంకొకటి: వాద్యబృందం లేకుండా ఒక బడి పిల్లలు తమ గొంతుకు అందే శ్రుతిలో పాడగలరా అని. పాడగలరు, సొంత శ్రుతి ఎంచుకోనిస్తే.

సాయంత్రం బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సాయుధ పోరాటం మీద గైడ్లు వదిలేసిన కాగితాలు, పాత పత్రికలు ఇక్కడి లైబ్రరీలో ఉన్నాయి. 2000 ఆగస్టు వరదలో నీళ్లు లోపలికి వచ్చాయి, ఉర్దూ గ్రంథాలు చాలా దెబ్బతిన్నాయి. సంచి బయట పెట్టి, పెన్సిలూ కాగితమూ తీసుకెళ్లడం మర్యాద.

శుక్రవారం: జనగామ, కడవెండి, పాలకుర్తి

సికింద్రాబాద్‌లో పొద్దున బండి ఎక్కితే రెండు గంటల లోపు జనగామ. మధ్యలో భువనగిరి గుట్ట కనిపిస్తుంది, ఒకే రాయి. 1997 మార్చిలో ఇక్కడ జరిగిన సభ తెలంగాణ మాటను మళ్లీ జనంలోకి తెచ్చింది. ఈ ప్రాంతపు గాయని బెల్లి లలితను 1999 మేలో ముక్కలుగా నరికి చంపారు. నాలుగో పేపర్లో ఆమె పేరు ఒక ఆప్షన్. రైలు ఆ గుట్ట దాటేంతసేపు పెట్టెలో ఎవరి ఫోన్లోనో డీజే పాట మోగుతూనే ఉంది.

జనగామ బస్టాండులో పాలకుర్తి బస్సు అని గబుక్కున ఎక్కొద్దు. అన్నీ ఒకే దారిన పోవు. దేవరుప్పుల మీదుగా పోతుందా అని కండక్టర్‌ను అడగాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబర్ 9 నుంచి, పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. పొద్దున బస్సు ఆడవాళ్లతో నిండుతుంది. అందులో జనగామ కాలేజీకి వచ్చిపోయే పిల్లలు, ఆసుపత్రికి పోయే అవ్వలు. దేవరుప్పుల నుంచి కడవెండికి షేర్ ఆటో, మనిషికి ఇరవై. ఆటో నిండేదాకా కదలదు, తొందరైతే మిగిలిన సీట్ల డబ్బులూ మనమే ఇవ్వాలి.

కడవెండిలో దొడ్డి కొమురయ్య స్తూపం ఉంది. 1946 జూలై 4న దొరలకు ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభ సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ గడీ నుంచి కాల్పులు జరిగాయి. కొమురయ్య అక్కడే పోయాడు, అన్న మల్లయ్యకు గాయాలయ్యాయి. అప్పటిదాకా కర్రలతో, వడిసెలతో నడిచిన సంఘం తర్వాత తుపాకీ పట్టింది. 1951 అక్టోబర్ దాకా పోరాటం నడిచింది. బిట్ ఇంతే. ఊళ్లో నడిస్తే తెలిసేది వేరే. వీధులు ఇరుకు, ఊరేగింపుకు పక్కకు తప్పుకునే చోటు లేదు. ముందు వరుసలో ఉన్నవాడికి వెనక్కి తిరిగే వీలూ లేదు. అరుగు మీద కూర్చున్న తాత చాయ్ తాగిస్తే గానీ కదలనివ్వలేదు. "పరీచ్చకు సదివేటోళ్లు వస్తరు, ఫొటో దిగి పోతరు. కూసోరు" అన్నాడు. అందుకని కూర్చున్నాం. కొమురయ్య కురుమ కులస్తుడు, గొర్లకాపరి. భుజాన వేసుకునే నల్ల గొంగళి ఆ ఇళ్లలో నేసిందే. ధూం ధాం వేదిక మీద గాయకుడు గొంగళి కప్పుకుంటే అది అలంకారం కాదు, ఈ చరిత్రను భుజాన వేసుకోవడం.

పాలకుర్తిలో ఐలమ్మ. కౌలు పొలం పంటను విసునూరు దొర మనుషులు కోసుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్లు అడ్డం నిలబడి కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆమె 1985 సెప్టెంబర్ 10న పోయింది. కవి పాల్కురికి సోమనాథుడి పేరులో ఉన్నదీ ఈ ఊరే. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు జనం పాడుకుంటున్నారని ఆయన రాశాడు. పాటను లెక్కలోకి తీసుకున్న తొలి తెలుగు కవుల్లో ఆయన ఒకడు. ఆయన ద్విపదను ఎంచుకున్నదీ గొంతుకు సులువనే. గుట్ట మీద సోమేశ్వరుడి గుడి, కింద బస్టాండు దగ్గర జొన్న రొట్టె, పచ్చి పులుసు, గుడ్డు కూర. ఎనభై రూపాయలు. ఈ ఎనిమిది రోజుల్లో తిన్నవాటిలో అదే మంచి భోజనం.

శనివారం: జనగామ దగ్గరి ఒక పల్లె

డప్పు కట్టే ఇంటికి ఊరికే పోయి ఫొటోలు తీయకూడదు. తెలిసినవాళ్ల ద్వారా ముందు మాట పంపి, వెళ్లాక వాళ్లు కూర్చోమన్నచోట కూర్చుని, పెట్టింది తినాలి. మాదిగవాడలో నీళ్లు తాగడానికి వెనకాడేవాళ్లను వాళ్లు ఒక్క చూపులో గుర్తుపడతారు.

తోలును సున్నం నీళ్లలో కొన్ని రోజులు నానబెడితే వెంట్రుక ఊడుతుంది. గీకి, కడిగి, తడి మీదే చట్రానికి బిగిస్తారు. చట్రం కర్ర ముక్కలు కలిపి గుండ్రంగా చేసింది, అంచుకు చింతగింజల జిగురు. వెనక తోలు వార్లు. నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే ఒక పక్క ముందు బిగిసి చట్రం వంకరపోతుంది. వాయించడానికి కుడిచేతికి సిర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల. సిర్ర పొట్టిగా మందంగా ఉండి దెబ్బ ఇస్తుంది, సిటికెన పుల్ల సన్నగా పొడవుగా ఉండి ఆ దెబ్బల మధ్య సందులు నింపుతుంది. కొత్తవాళ్ల తప్పు ఎప్పుడూ ఎడమచేతిలోనే. పుల్లను గట్టిగా పట్టుకుంటే అది తోలు మీద ఎగరదు.

వాయించే ముందు మంట కాగాలి. గడ్డి మంటకు మూరెడు దూరంలో తిప్పుతూ పట్టుకుంటారు. చెమ్మ పోయి తోలు బిగుస్తుంది, వేలితో కొడితే ఖంగుమంటుంది. దగ్గరికి పోతే మాడి పగులుతుంది. జనవరి మంచులో అరగంట గడవకముందే మళ్లీ కాచాలి, అందుకే దండులో ఒకడు ఎప్పుడూ మంట దగ్గర ఉంటాడు. ఈ తిప్పలు పడలేక చాలామంది ఇనుప చట్రం, ప్లాస్టిక్ తొడుగు, బోల్టులున్న డప్పుకు మారారు. దానికి మంట అక్కర్లేదు, వానకు తడవదు, కానీ కింది మోత లేదు. దూరానికి వినిపిస్తుంది, ఛాతీకి తగలదు.

ఇంట్లో చిన్నవాడు డిగ్రీ చదివి కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. "చావుకు కొట్టుడు బంద్ చేసినమన్నా, స్టేజీ మీదనైతే కొడతా" అన్నాడు. పక్కనున్న పెద్దనాయన ఏమీ అనలేదు. ఒకే తోలు ఒకచోట వెట్టి, ఇంకోచోట కళ. చావు డప్పు మానడం ఆ వాడ తీసుకున్న రాజకీయ నిర్ణయం. దాని వల్ల దరువులు కొన్ని మరుగున పడ్డాయని బాధపడే హక్కు బయటివాళ్లకు లేదు. ఎస్సీ వర్గీకరణ కోసం 1994లో మొదలైన మాదిగ దండోరా పేరే డప్పు మీద నడిచింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేయొచ్చని సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలు: మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. రిజర్వేషన్ పోస్టుల వరుసలో తన రోస్టర్ పాయింట్లు ఎక్కడ పడతాయో ఆ పిల్లవాడు సిర్రతో నేల మీద గీసి చూపించాడు. హైదరాబాద్‌లో 2024 అక్టోబర్ నుంచి మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు కదా, అప్పటి నుంచి డప్పు దండుకు పిలుపులు పెరిగాయట. మనిషికి రోజుకు వెయ్యి నుంచి పదిహేను వందలు అడుగుతున్నారు.

ఆదివారం: కొమురవెల్లి

సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పట్నం వారం, రెండోది లష్కర్ వారం. ఉగాది దాకా ప్రతి ఆదివారం జాతరే. జనగామ నుంచి చేర్యాల మీదుగా బస్సు. ఆరు గంటలకు ఎక్కకపోతే నిలబడే చోటూ ఉండదు. చేర్యాల దాటాక ఎవరి నుదురు చూసినా పసుపే. దాన్ని బండారి అంటారు. తెలియనివాళ్లు కూడా మన నుదుటికి పూసి పోతారు, తుడుచుకోకూడదు.

బోనం కుండలు గదుల ముందు, చెట్ల కింద, తాటాకు పందిళ్ల కింద మూడు రాళ్ల పొయ్యి మీద ఉడుకుతుంటాయి. కట్టెలు మోపు నూట యాబై, ఇంటి నుంచి తెచ్చుకుంటే మేలు. లోపల పుట్టమన్నుతో చేసిన మల్లన్న, పక్కన మేడలమ్మ, కేతమ్మ.

ఒగ్గు కథ వినాలంటే గర్భగుడి వరుసలో కాదు, పట్నాలు వేసేచోట నిలబడాలి. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి చేత్తోనే జారవిడుస్తూ ముగ్గు పరుస్తారు. గీతకు తాడు, కొలతకు అడుగు. గాలి వీస్తే చుట్టూ గొంగళ్లు పట్టుకుని అడ్డం నిలబడతారు. కథ ముందు మనిషి ఎత్తుకుంటాడు, వంత అందుకుంటుంది, డోలు నడకను పెంచుతుంది. మధ్యలో ఆపి భక్తురాలి ఇంటి సంగతి ఒకటి చెప్పి మళ్లీ మల్లన్న దగ్గరికి తెస్తాడు. బుధవారం ఆర్ట్స్ కాలేజీ ముందు రాసుకున్న ధూం ధాం పద్ధతి అంతా ఇక్కడే ఉంది: ముందు గొంతు, వంత, ఆగిన మాట, చల్లారకముందే అందుకునే దరువు. సభల వేదిక ఎక్కకముందు అది ఈ పసుపు నేల మీద తయారైంది.

డోలు కొట్టే పిల్లవాడికి ఇరవై మూడేళ్లు. అశోక్‌నగర్‌లో నాలుగో అంతస్తు గదిలో ఉంటాడు, ఆదివారాలు మాత్రం తండ్రి వెంట ఇక్కడికి వస్తాడు. రెండు పట్నాల మధ్య దొరికిన ఖాళీలో నాలుగో పేపరు మాట వచ్చింది. "ఒగ్గు అంటే శివుని డమరుకం అని ఆప్షన్ ఇస్తరు, పెడితే మార్కొస్తది. మా నాయినను అడిగితే గంట చెప్తడు" అన్నాడు. చెప్పమని తండ్రిని అడిగాం. గంట కాదు, పట్నం పూర్తయ్యేదాకా చెప్పాడు.

కథ అయ్యాక ఒగ్గు పూజారులు పట్నం మీద అడుగులు వేస్తూ చెరిపేస్తారు. గీతలన్నీ కలిసిపోయి ఒకే రంగు పొడి మిగులుతుంది, దాన్నే జనం బండారిగా తీసుకుంటారు. ఆ పిల్లవాడు పాత టెస్ట్ పేపరు ఒకటి నాలుగు ముక్కలు చేసి, ఒక్కో దాంట్లో గుప్పెడు పొడి పోసి మడిచాడు. గదిలో ముగ్గురున్నారు, నాలుగోది స్టడీ హాల్ వాచ్‌మన్‌కి. సాయంత్రం ఐదింటికి సిద్దిపేట రోడ్డు మీద సికింద్రాబాద్ జేబీఎస్‌కు పోయే బస్సు దొరికింది. నిలబడే వచ్చాం.